వేలు చూపిస్తేనే పడవ

ఏవండోయ్, మిమ్మల్నే! కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని అటూ ఇటూ చూడకండి, మీ వెనకాల ఎవరూ లేరు. ఒక్కసారి ఎడమ చెయ్యి ఇలా చాపండి. చూపుడు వేలు. ఊఁ, గోరు శుభ్రంగానే ఉంది. మరి పోయినసారి ఓటేశారా, లేకపోతే సెలవిచ్చారు కదా అని దుప్పటి ముసుగేసి మధ్యాహ్నం దాకా పడుకున్నారా? చెప్పకండి లెండి. మీరు అబద్ధమాడటం, నేను నమ్మినట్టు నటించడం, ఎందుకొచ్చిన శ్రమ?

నేను ఒక సీసాని. బొటనవేలంత ఉంటాను. మూతికి బెండు బిరడా, బిరడాకి గుచ్చిన కొబ్బరి పుల్ల. చూడగానే ఎలక్షన్ల సిరా సీసా అనుకుంటారు. కాదు. కానీ అలా అనుకోబట్టే నాకూ ఒక కథ దక్కింది.

నన్ను పుట్టించింది నిప్పు. ఎక్కడో ఉత్తరాదిన ఒక కొలిమి దగ్గర, కరిగిన గాజు ముద్దని గొట్టం చివర పెట్టుకుని ఎవరో ఒకాయన ఉఫ్‌మని ఊదాడు. ఆయన ఊపిరే నా పొట్ట. ఆ ఊపిరి ఇంకా నాలో ఎక్కడో తిరుగుతున్నట్టే ఉంటుంది నాకు. అందుకే పగటి కలలు ఎక్కువ. పైగా గాజుని. వెలుతురు తిన్నగా వస్తుంది, నాలోకి అడుగు పెట్టగానే వంకర తిరుగుతుంది. నాలోంచి చూస్తే గోదారి ఆకాశంలో పారుతుంది, కొంగలు నీళ్ళలో ఎగురుతాయి, మనుషులు కాళ్ళు పైకి పెట్టుకుని నడుస్తూ మహా గంభీరంగా మాట్లాడుకుంటారు. మనుషుల విషయంలో మాత్రం, తిరగేసి చూసినా మరగేసి చూసినా పెద్ద తేడా కనిపించదు.

మొదట్లో నా పొట్టలో సెంటు ఉండేది. తీర్థంలో ఒక కొత్త పెళ్ళికొడుకు నన్ను కొన్నాడు. భార్య ఎదురొచ్చినప్పుడల్లా చెవి వెనక ఒక చుక్క రాసుకునేవాడు. సెంటు అయిపోయేసరికి బిడ్డ పుట్టింది. నాలోకి వెల్లుల్లి వేసి కాచిన చెవి నూనె వచ్చింది. ప్రేమ ముదిరితే వాసన ఎలా మారుతుందో నాకంటే బాగా ఎవరికీ తెలీదు. ఆఖరికి ఆ మహానుభావుడు నన్ను చొక్కా జేబులో మర్చిపోయి, ఆ చొక్కా ఉతుకుడికి వేసేశాడు.

అలా నేను నత్తలలంక రేవు చేరాను. గోదారి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట, నీళ్ళ మధ్య పడుకున్న చిన్న ఊరది. పొద్దున్నే మంచు దిగితే ఊరు ఉందో లేదో తెలీదు. ఉతుకుడు బండ మీద బట్ట పడిన చప్పుడు వినిపిస్తే, హమ్మయ్య, ఉంది అనుకోవాలి.

ఆ చప్పుడు నూకరత్నానిది. లంకలో బట్టలన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్ళేవే. జేబులో నన్ను చూసి, తడి చేత్తో పట్టుకుని ఆ చొక్కా ఆయన ఇంటికెళ్ళింది. "అమ్మో, ఇంకా ఉందా అది! నువ్వే ఉంచుకో" అన్నాడు ఆయన. నూకరత్నం నన్ను కడిగి, ఎండలో ఆరబెట్టి, నల్లజీడి రసంతో నింపింది.

నల్లజీడి అంటే తెలుసుగా? బట్టల మీద చాకలి గుర్తు పెట్టే గింజ. దాని రసం పుల్లతో ముట్టించి, పైన కాస్త సున్నం అద్దితే, బట్ట చిరిగి పీలికలైనా గుర్తు పోదు. ఒంటికి తగిలితే బొబ్బెక్కుతుంది. మచ్చ పోవాలంటే ఆ చర్మం ఊడి కొత్తది రావాల్సిందే. ఈ ఇంటికి రెండు చుక్కలు, ఆ ఇంటికి నెలవంక, పేరయ్య గారింటికి గొడ్డలి గుర్తు. ఊరు మొత్తం కాలర్ల లోపల నా చేతి రాతే. ఏ చదువూ లేకుండా అంత రాసింది నేనొక్కదాన్నే.

ఇప్పుడు అబ్బులు సంగతి చెప్పాలి. అబ్బులు ఇస్త్రీ బండివాడు. నూకరత్నానికి వరసకి బావ. ఆవిడ ఉతికితే ఇతను బొగ్గుల పెట్టెతో మడతలు తీస్తాడు. ఊళ్ళో చొక్కాలన్నిటికీ మడతలు తీసి, తన మాటకి మాత్రం పది మడతలు పెడతాడు. గుడ్డి గవ్వ చేసే పని ఉండదు, గుర్రమంత సరదా. పంతులు గారి పంచెకి గంజి దట్టించి, ఆయన కూర్చోగానే అప్పడంలా పటపటమనిపిస్తాడు. చిన్నప్పుడే బడి గోడ దూకాడు. "గోడ అటు పక్క చదువు బాగుంది" అంటాడు.

లంక నుంచి ఒడ్డుకి పోలయ్య పడవ ఒక్కటే దారి. పాత పడవ. పలకల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. అందులో ఒక ఆచారం ఉంది. సగానికి కోసిన నూనె డబ్బా ఒకటి చేతులు మారుతూ వస్తుంది. ఎవరి ముందుకొస్తే వాళ్ళు నాలుగు సార్లు నీళ్ళు తోడి పక్కవాళ్ళకి ఇస్తారు. తోడమని ఎవరూ చెప్పరు. తోడకపోతే ఎవరూ అడగరు. ఆసామి అయినా, అతని పాలేరైనా డబ్బా ఒకటే.

అబ్బులు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఆ డబ్బా ముట్టుకోలేదు. డబ్బా అతని దగ్గరికి వచ్చేసరికి ఏదో కథ సరిగ్గా రసపట్టులో ఉంటుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే డబ్బా అతన్ని దాటి పక్కవాడి చేతిలోకి వెళ్ళిపోతుంది. ఓటు సంగతీ అంతే. జన్మలో వెయ్యలేదు. పైగా అదొక బిరుదులాగా చెప్పుకుంటాడు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. లంక మొత్తానికి ఒక్క వార్డు, ఒక్క మెంబరు. అంతకుముందు మెంబరు ఇసుక పడవలు నడిపే కొండబాబు. అప్పుడు సగం ఊరు ఓటుకే వెళ్ళలేదు, అతను గెలిచాడు. గెలిచి, రేవు పక్కనే ఇసుక తవ్వించాడు. ఒక వానాకాలం ఒడ్డు విరిగింది. నూకరత్నం తాతల నాటి ఉతుకుడు బండల్లో పెద్దది గోదారిలో కలిసిపోయింది. ఈసారి మళ్ళీ గెలిస్తే రేవు మొత్తం ఇసుక పడవలకి ఇచ్చేస్తానని అతను అందరితోనూ చెప్పుకుంటున్నాడు. అందుకని నూకరత్నం, ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని మనిషి, తనే నిలబడింది.

ఎన్నికల గుర్తుగా ఆవిడకి గొడుగొచ్చింది. కొండబాబుకి ఇస్త్రీ పెట్టె.

"మరదలా, నా పొట్ట కొట్టడానికే నిలబడ్డావా? రోజంతా అవతలాడి గుర్తు పట్టుకుని తిరుగుతున్నాను, పోలీసులు పట్టుకుపోతారేమోనే!" అన్నాడు అబ్బులు.

"పట్టుకుపోతే మంచిదే బావా, కూర్చోబెట్టి తిండి పెడతారు" అంది ఆవిడ.

ఎన్నికలకి ముందు పాల సంఘం పేరయ్య గారు రచ్చబండ దగ్గర సభ పెట్టారు. ఆయన నిజాయితీపరుడు. పాలల్లో నీళ్ళు కలిపితే సొంత తమ్ముణ్ణయినా సంఘంలోంచి తోసేసిన మనిషి. ఆయన బాధలో న్యాయం ఉంది కూడా.

"పోయినసారి మనం ఇంట్లో పడుకున్నాం, ఒడ్డు ఇరిగిపోయింది. బాధ్యత అంటే చెప్తే ఇనే జాతి కాదు మనది. అందుకని ఈసారి గట్టి కట్టుబాటు. ఓటేసినోడికే పడవ. ఏలు మీద సిరా లేనోడు నెల్లాళ్ళు ఒడ్డు దాటడానికి లేదు. పోలయ్యా, ఇన్నావా? ఏలు చూపిత్తేనే పడవ!"

జనం తలలూపారు. అబ్బులు లేచాడు.

"అయ్యా, మరి కడుపులో నొప్పొస్తే ఏలు చూపించాలా, నాలిక చూపించాలా?"

అందరూ గొల్లుమన్నారు. పేరయ్య గారు నవ్వలేదు.

"నవ్వులాట కాదు అబ్బులూ. అందరూ తోడితేనే పడవ తేల్తాది. నువ్వు తోడవు, నాకు తెల్సు."

"నేను తోడకపోయినా ఎప్పుడన్నా మునిగిందేంటండీ? నాకు ఎవరూ నచ్చలేదనుకోండి, ఇంట్లో కూర్చోటం నా ఇష్టం. మెడ పట్టుకుని వంచితే అది దణ్ణం అవుద్దా?"

చూశారా, అతని మాటలోనూ కొంత నిజం ఉంది. అల్లరివాళ్ళతో వచ్చిన చిక్కే అది. అప్పుడు నూకరత్నం, పైట చెంగు వేళ్ళకి చుట్టుకుంటూ, మెల్లిగా అంది.

"బాబూ, అందరూ ఓటెయ్యాలి, నాకూ అదే కావాలండి. కానీ పడవ ఆపకండి. పురిటి నొప్పులొచ్చిన మనిషి ఏలు చూపిత్తాదా? పడవ అందరిదీ కదండీ."

"నువ్వు నిలబడ్డదానివి, నువ్వు మాట్టాడకూడదు" అన్నారు పేరయ్య గారు. కట్టుబాటు ఖాయమైంది.

పోలింగు ముందు రోజు సాయంత్రం, పొద్దు గోదారిలోకి జారుతుంటే నాకొక కల వచ్చినట్టు గుర్తు. ఆ కలలో నా పొట్ట చల్లగా, తేలిగ్గా ఉంది. ఎక్కడో దడి మీద దట్టమైన ఆకుల తీగ పాకుతోంది. దాని గుత్తుల నిండా పూసలంత నల్లటి పళ్ళు. వాటి మీద వెలుతురు పడి ఊదా రంగు పొగలాగా లేస్తోంది. ఎవరివో తడి చేతులు ఆ పొగలో కదులుతున్నాయి. కల కదా, కలలు అలాగే ఉంటాయి. ముందుకెళ్దాం.

తెల్లారింది. మంచులో బడి, రేవు, కొబ్బరి చెట్లు అన్నీ కరిగిపోయి ఉన్నాయి. ఆ మంచులోంచి అబ్బులు వచ్చాడు. నూకరత్నం రేవులో ఉంది. ఆవిడ ఇంటి గూట్లోంచి నన్ను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. బండి చాటుకి వెళ్ళి, ముందుగా ఎడమ చూపుడు వేలికి కొబ్బరి నూనె పట్టించాడు. జీడి బొబ్బెక్కకుండా మావాళ్ళు చేసే ఉపాయం అది. తర్వాత నా బిరడా తీసి, పుల్లతో గోరు మీంచి కిందకి నిలువుగా ఒక గీత గీశాడు.

"ఇదేంటి, జీడి ఈసారి ఊదా తిరిగింది?" అని గీతని మంచులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మంచిదేలే. అచ్చం సిరాలాగే ఉంది. మన రోజు బాగుంది."

నేనేమీ అనలేదు. సీసాలు అనవు కదా.

వేలు పైకెత్తి ఊళ్ళోకి నడిచాడు. బడి ముందు పేరయ్య గారు బంతిపూల దండ పట్టుకుని నిలబడి ఉన్నారు, మొట్టమొదటి ఓటరుకి వేద్దామని. లోపల ఆఫీసరమ్మ ఇంకా పెట్టె సీలు చూపిస్తూనే ఉంది. తలుపు సగమే తెరిచారు. ఆ మంచులో ఎవరు లోపలికెళ్ళారో ఎవరు బయటికొచ్చారో ఎవరికి తెలుస్తుంది? పేరయ్య గారికి కనిపించింది ఒక్కటే, అబ్బులు వేలు.

"ఒరేయ్! నువ్వా!" అన్నారు. ఆ పెద్దాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అందరూ సూడండ్రా! అబ్బులే ఏసేశాడు. ఇంక మీకేం మాయరోగం?"

దండ అబ్బులు మెడలో పడింది. జేబులో నేను బంతిపూల వాసన పీల్చుకుంటూ, నా సెంటు రోజులు తల్చుకున్నాను.

ఆ తర్వాత పేకాట బృందం మెల్లిగా బండి దగ్గరికి చేరింది. ఎండలో నిలబడటమంటే వాళ్ళకి ఒళ్ళు మంట. "బావా, నీ ఏలు మీద మాకు అనుమానంగా ఉంది" అన్నాడు వాళ్ళల్లో పెద్దవాడు. అబ్బులు కన్ను గీటాడు. తలా ఒక చుక్క నూనె, తలా ఒక గీత. వాళ్ళు హాయిగా కొబ్బరి చెట్ల నీడకి పోయి ముక్కలు పంచుకున్నారు. అబ్బులు బండి దగ్గర నిలబడి, కుడి చేత్తో ఇస్త్రీ చేస్తూ, ఎడమ వేలు జెండాలా పైకెత్తుకుని, ఊరు మొత్తాన్ని జేబులో వేసుకున్నట్టు మురిసిపోయాడు.

మధ్యాహ్నానికి ఎండ చిక్కబడింది. గోదారి వెండి రేకులా మెరుస్తూ, ఉన్నచోటనే ఊగుతున్నట్టుంది. నూకరత్నం వచ్చి బండి నీడలో చతికిలబడింది. ఆవిడ కూడా ఓటేసి వస్తోంది. గంజి పెట్టిన చీర కట్టుకుంది. దండ చూసింది, వేలు చూసింది.

"బావా... ఏసేశావా?"

"మరేంటనుకున్నావు?"

ఆవిడ గోదారి వైపు చూస్తూ, ఎవరికో చెప్తున్నట్టు చెప్పింది.

"మా అమ్మకి ఒక్కటే మంచి చీరుండేది బావా. ఓటు రోజుకి దాచుకునేది. ముందు రోజే గంజెట్టి, నీ బాబు చేత ఇస్త్రీ చేయించుకునేది. ఒకసారి వరసలో అమ్మ ఎనకాల కామందు గారి భార్య నిలబడ్డారంట. ఎప్పుడూ పెరటి గుమ్మం కాడ నిలబెట్టి బట్టలిచ్చే మనిషి. ఆవిడికి ఎండ తగులుతుంది. 'ఏమే, బేగా నడు' అన్నారంట. మా అమ్మ నడవలేదంట. గుర్తులన్నీ ఒక్కోటీ చూసుకుని, చీటీ మడత మీద మడతెట్టి, నిమ్మళంగా ఏసి వచ్చిందంట. ఇంటికొచ్చి నవ్విందే నవ్వు. మా అమ్మ అలా నవ్వటం నేను మళ్ళీ సూళ్ళేదు."

అబ్బులు ఇస్త్రీ పెట్టె ఆపేశాడు. దాని కింద ఎవరిదో చొక్కా పొగలు కక్కడం మొదలెట్టింది.

"నువ్వు నాకే ఏశావో, ఆ ఇస్త్రీ పెట్టెకే ఏశావో నేనడగను బావా. జన్మలో మొదటిసారి డబ్బా పట్టుకున్నావు. నాకదే చాలు" అని కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

కాలిన చొక్కా మీద పెట్టె ఆకారం నల్లగా తేలింది. అబ్బులు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. మెడలో దండ తీసి బండి కొక్కేనికి తగిలించాడు. నేను అతని జేబులోనే ఉన్నాను కదా, ఛాతీ చప్పుడు వినపడుతోంది. అంతకుముందు అది ఎప్పుడూ ఏదో పాటకి దరువులాగా ఉండేది. ఇప్పుడు ఎవరో తలుపు కొడుతున్నట్టుంది.

చరచరా బడికి నడిచాడు.

బడి గదిలో చల్లటి చీకటి. బల్ల మీద, నా అంతే ఉన్న ఒక సీసా కూర్చుని ఉంది. సర్కారు సిరా. తిరునాళ్ళలో తప్పిపోయిన తోబుట్టువుని మళ్ళీ చూసినట్టు అనిపించింది నాకు. అదీ నన్ను చూసే ఉంటుంది. కానీ డ్యూటీలో ఉంది, పలకరించలేదు.

"ఎడమ చెయ్యి" అంది ఆఫీసరమ్మ. చూసి, "మీరు వేసేశారుగా?" అంది.

"లేదమ్మా. ఇది సిరా కాదు, జీడి. నేను తమాషాకి రాసుకున్నాను."

గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. కొండబాబు తరఫున కూర్చున్న ఏజెంటు బల్ల గుద్ది మరీ నవ్వాడు. గుమ్మంలోంచి పేరయ్య గారు తొంగి చూసి, "నేనే దండేశాను కదరా! రెండో ఓటు కూడా కావాలా నీకు?" అన్నారు.

"నిజం చెప్తున్నానండీ. మా అమ్మ తోడు."

"నీ నిజాలు మాకు తెలీవేంట్రా!"

ఆఫీసరమ్మ నవ్వలేదు. "చూడండి, వేలి మీద మచ్చ ఉంటే చీటీ ఇవ్వకూడదు. రూలు అంతే. జీడో, సిరాయో నాకెలా తెలుస్తుంది? మచ్చ లేకుండా వస్తే అప్పుడు చూస్తాను" అంది.

మచ్చ లేకుండా! జీడి సంగతి తెలియనివాడైతే పక్కనే ఉన్న కుండలో వేలు ముంచి రుద్ది చూసేవాడు. అబ్బులు పుట్టిందే ఆ గుర్తుల మధ్య. చర్మం ఊడితే తప్ప పోదని అతనికి ఖాయంగా తెలుసు. అందుకే రుద్దలేదు. తెలివి మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చూశారా? నీళ్ళ కుండ పక్కనుంచే నడిపించుకుని బయటికి తీసుకొచ్చేసింది.

రేవుకి వెళ్ళి, మిగిలిన చిన్న బండ మీద కూర్చున్నాడు. నీళ్ళలో ఆకాశం, ఆకాశంలో పడవ. పెద్ద బండ ఎక్కడో అడుగున పడుకుని ఉంది, ఆ రేవులో ఉతికిన చీరలన్నీ కలగంటూ. అబ్బులు దాంతో మాట్లాడినట్టే అన్నాడు. "అందరూ నన్ను నమ్మారు, నేను అబద్ధమాడినప్పుడు. నిజం చెప్తే నవ్వుతున్నారే!"

ముఖం మండుతోంది. వంగి రెండు చేతులా నీళ్ళు తీసుకుని మొహం మీద కొట్టుకున్నాడు. మళ్ళీ ఒకసారి. మళ్ళీ ఒకసారి. చేతులు దించేసరికి వేళ్ళ సందుల్లోంచి ఊదా రంగు దారంలాగా ఒకటి నీళ్ళలోకి జారి, మెలికలు తిరిగి, కరిగిపోయింది. వేలు చూసుకున్నాడు. చిన్నపిల్లాడి వేలులా తెల్లగా ఉంది.

"అమ్మా గోదారమ్మా!" అని అరిచి, ఒడ్డెక్కి, తడి బట్టలతో పరుగు తీశాడు.

బడి దగ్గర వరస చూసి నివ్వెరపోయాడు. పేకాట బృందం మొత్తం అక్కడే ఉంది, దొంగ చూపులు చూస్తూ. చెమటకి వాళ్ళ గీతలన్నీ కారి ముక్కలకి అంటుకున్నాయట. రాణులకి మీసాలు, రాజులకి ఊదా కన్నీళ్ళు. ఒడ్డుకి మ్యాట్నీ సినిమాకి పోదామని పడవ దగ్గరికెళ్తే పోలయ్య వేళ్ళు చూసి వెనక్కి తోలేశాడు.

"నీ జీడి మండా!" అన్నాడు పెద్దవాడు పళ్ళు నూరుతూ.

అబ్బులుకి జవాబు చెప్పే తీరికెక్కడిది? వంతు వచ్చింది. ఆఫీసరమ్మ వేలు చూసింది, మొహం చూసింది. కొండబాబు ఏజెంటు లేచాడు. "మేడం, ఇందాక మచ్చుంది! చెరిపేసుకొచ్చాడు! ఒప్పుకోం!"

ఆఫీసరమ్మ అప్పుడే ఓటేసిన ఒక ముసలమ్మ వేలు పట్టుకుని, తడి గుడ్డతో బరబరా రుద్దింది. చెక్కు చెదరలేదు. "ఇదీ సిరా అంటే. చెరిగిపోయిందంటే అది సిరా కాదన్నమాట. పైగా ఈయన పేరు దగ్గర పొద్దున్నుంచీ ఎవరూ వేలిముద్ర కూడా వెయ్యలేదు" అంది. ఏజెంటు కూర్చున్నాడు.

నా తోబుట్టువు బిరడా తెరుచుకుంది. అబ్బులు వేలి మీద చల్లటి గీత పడింది. చీటీ పట్టుకుని అట్ట చాటుకి వెళ్ళాడు. వెనకాల జనం "బేగా రావయ్యా" అంటున్నారు. అతను రాలేదు. గుర్తులన్నీ ఒక్కోటీ చూసుకున్నాడు. చీటీ మడత మీద మడత పెట్టాడు. ఎవరికి వేశాడో నేను చూశాను. చెప్పను. రహస్యం కదండీ అది.

సాయంత్రం లెక్క తేలింది. నూకరత్నం గెలిచింది. అదీ ఒకటీ అరా తేడాతో కాదు, బాగానే గెలిచింది. తన ఓటుతోనే గెలుపు ఊగుతోందని గుండె అరచేతిలో పెట్టుకుని నిలబడ్డ అబ్బులు మొహం వాడిపోయింది.

"అయితే నేను ఎయ్యకపోయినా గెలిచేదానివేనన్నమాట."

"పడవ మునగలేదు కదా అని, తోడిన నీళ్ళు దండగంటామా బావా?" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్న రేవులో పెద్ద గుంపు. పోలయ్య పడవకి అడ్డంగా గెడ వేసి వేళ్ళు చూస్తున్నాడు. అందరూ ఎక్కారు. ఒక్కరు మాత్రం మెట్టు మీదే ఆగిపోయారు, చెయ్యి వెనక్కి పెట్టుకుని.

"ఏలు చూపించండి బాబూ" అన్నాడు పోలయ్య.

పేరయ్య గారు చూపించలేదు. ముందు రోజు పొద్దున్నించీ బడి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళ వేళ్ళు చూసి, రానివాళ్ళ ఇళ్ళకి కబుర్లు పంపి, దండలేసి, దబాయించి, ఆ హడావుడిలో ఆయన ఓటెయ్యడమే మర్చిపోయారు. తలుపులు మూశాక గుర్తొచ్చిందట. ఆ పెద్దమనిషి మెడ వాలిపోయింది.

"కట్టుబాటు నాదే. ఎల్లండి. నేను నెల్లాళ్ళు దాటను" అన్నారు. అన్నంత పనీ చేసే మనిషే.

పడవలో ఒక్కరూ నవ్వలేదు. నూకరత్నం కొసలో నిలబడి చెయ్యి చాపింది. "ఎక్కండి బాబూ. నిన్న అందర్నీ ఓటుకి పంపింది మీరే. పడవకీ ఏలుకీ ముడెట్టకండి. నీళ్ళు తోడండి, చాలు."

పేరయ్య గారు ఎక్కారు. డబ్బా తీసుకుని, తల వంచుకుని, తన వంతు కంటే ఎక్కువే తోడారు.

పడవ కదిలింది. మంచు, తెడ్డు చప్పుడు, నీటి కోళ్ళు. అబ్బులు జేబులోంచి నన్ను తీసి ఎండకి పట్టుకుని కథ ఎత్తుకున్నాడు. ఊరు ఊరంతటినీ తను ఎలా బోల్తా కొట్టించాడో, నల్లజీడి మచ్చని ఏ దేవుడూ చెరపలేడని తెలిసీ గోదారమ్మ తనకోసం ఎలా చెరిపిందో. "జీడి మచ్చ! జన్మకి పోనిది! తల్లి ఇలా ముట్టుకుంది, అలా పోయింది. పుణ్యాత్ముడికే జరుగుతాది అది." జనం నోళ్ళు తెరిచారు. డబ్బా చేతులు మారుతూ వస్తోంది. కథ సరిగ్గా రసపట్టుకి చేరింది. డబ్బా అతన్ని దాటబోయింది.

"కథ బాగుంది బావా" అంది నూకరత్నం, నీళ్ళల్లోకి చూస్తూ. "కానీ మా దడి మీద బచ్చలి తీగకి మొన్న సాయంత్రం నుంచీ ఒక్క పండూ లేదేంటో, అది కూడా ఆ తల్లినే అడుగు."

అబ్బులు నోరు తెరిచే ఉంది. నన్ను చూశాడు, బిరడా తీసి వాసన చూశాడు, మరదల్ని చూశాడు. అన్నేళ్ళుగా కలిసి పనిచేస్తున్న మనిషి, ముందు రోజే తన దొంగతనానికి సీసా కడిగి, బచ్చలి పళ్ళ రసం పోసి సిద్ధంగా పెట్టిందని అప్పటికి ఎక్కింది బుర్రకి. పడవ పడవంతా విరగబడి నవ్వుతుంటే, అతను మెల్లిగా చెయ్యి చాపి డబ్బా అందుకున్నాడు. తోడాడు. మళ్ళీ తోడాడు. మొహం మాత్రం కిందకి దించుకునే ఉన్నాడు, నవ్వు ఆపుకోలేక.

ఇప్పుడు నేను నూకరత్నం కిటికీలో ఖాళీగా ఉంటాను. ఖాళీ సీసాకి పొద్దస్తమానం వెలుతురే తిండి. ఎన్నికలొచ్చినప్పుడల్లా అబ్బులు గంజి పెట్టిన చొక్కా వేసుకుని ఇటుగా వెళ్తూ, నా వంక అనుమానంగా ఒక చూపు చూసి పోతాడు.

మీరెందుకండీ అతన్ని చూసి అంతలా నవ్వుతున్నారు? పాపం అతనికి ఎవరూ చెప్పలేదు. మీకు మాత్రం నేను ముందే అంతా చెప్పాను, తీగ, నల్లటి పళ్ళు, తడి చేతులతో సహా. కాకపోతే కల అన్నాను. నమ్మేశారు!